కమల పేరిట

మానవజీవితంలో ఎదురయ్యే దుఃఖాలలో సంతానవియోగాన్ని మించినది లేదంటారు. రాముని ఎడబాటును సహింపలేక దశరథుడు ప్రాణాలు విడిచిన వృత్తాంతం మనకు తెలిసినదే. అయితే అంతటి దుఃఖాన్ని దిగమింగి, పోయిన బిడ్డ పేరిట లోకానికి మేలు చేకూర్చిన తల్లిదండ్రులు కూడా ఉన్నారు. అట్టివారిలో ‘బెంగాల్ పులి’గా ప్రసిద్ధికెక్కిన సర్ అశుతోష్ ముఖర్జీ ఒకరు.

అశుతోష్ 1864 జూన్ 29న కలకత్తాలో జన్మించారు. తండ్రి గంగాప్రసాద్ వైద్యులు. అశుతోష్ గణితంలోను, భౌతికశాస్త్రంలోను ఎం.ఏ. పట్టాలు పొంది, పిన్న వయస్సులోనే గణితశాస్త్ర పరిశోధకులుగా పేరు గడించారు. పిమ్మట న్యాయశాస్త్రం అభ్యసించి, 1904లో కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1906 నుండి 1914 వరకు, మరల 1921 నుండి 1923 వరకు కలకత్తా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా వ్యవహరించారు. ప్రధానంగా పరీక్షలు నిర్వహించి పట్టాలివ్వడానికే పరిమితమైన ఆ సంస్థను బోధనకు, పరిశోధనకు నిలయంగా తీర్చిదిద్దారు. దేశం నలుమూలల నుండి ప్రతిభావంతులను ఏరి తెచ్చారు. సి.వి. రామన్ అక్కడ భౌతికశాస్త్రాచార్యులైనది ఆయన ప్రోత్సాహంతోనే. తెలుగు కుటుంబంలో జన్మించి, మైసూరులో బోధిస్తున్న సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను 1921లో తత్త్వశాస్త్ర పీఠానికి ఆహ్వానించినదీ ఆయనే.

అధికారానికి తలవంచని ఆ ధీరుని హృదయంలో తీరని వేదన ఒకటి ఉండేది. ఆయన కుమార్తె కమల 1895 ఏప్రిల్ 18న జన్మించింది. నాటి ఆచారం ననుసరించి బాల్యంలోనే ఆమెకు వివాహం జరిగింది. కొద్దికాలానికే భర్త మరణించాడు. లోకమంటే ఏమిటో తెలియని పసిప్రాయంలో ఆమె వితంతువయింది.

వితంతు పునర్వివాహం చట్టసమ్మతమని 1856లోనే శాసనం వెలువడింది. కాని చట్టం అంగీకరించిన దానిని సంఘం అంగీకరించలేదు. మన రాజమహేంద్రవరంలో 1881లో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినపుడు ఎంతటి ప్రతిఘటన ఎదురైనదో మనకు విదితమే. బెంగాలులోనూ అదే పరిస్థితి. అశుతోష్ సనాతన బ్రాహ్మణ కుటుంబీకులు. అయినను బిడ్డ బ్రతుకు కంటె ఆచారం గొప్పది కాదని నిశ్చయించి, బంధువర్గపు వ్యతిరేకతను లెక్కచేయక, 1908లో కమలకు పునర్వివాహం జరిపించారు. దురదృష్టవశాత్తు ఆ భర్త కూడ అనతికాలంలోనే కన్నుమూశాడు. తండ్రి చేయగలిగినదంతా చేశాడు; విధి మాత్రం కరుణించలేదు. 1923 జనవరి 4న, ఇరువది ఎనిమిదేండ్లు నిండకుండానే కమల కూడా లోకం విడిచింది.

ఆ సంవత్సరమే విశ్వవిద్యాలయ స్వాతంత్ర్యం విషయమై గవర్నరు విధించిన నిబంధనలను తిరస్కరించి అశుతోష్ ఉపకులపతి పదవికి దూరమయ్యారు. పదవి పోయినా విద్యపై మమకారం పోలేదు. 1924 ఫిబ్రవరిలో నలుబదివేల రూపాయల ప్రభుత్వ ఋణపత్రాలను కలకత్తా విశ్వవిద్యాలయానికి సమర్పించి, కుమార్తె పేరిట ‘కమల ఉపన్యాసాలు’ నెలకొల్పారు. ఆ పత్రాలపై నూటికి మూడు రూపాయల వంతున ఏటా 1,200 రూపాయల వడ్డీ వచ్చేది. అందులో వేయి రూపాయలు ఉపన్యాసకునికి పారితోషికం. మిగిలిన 200 రూపాయలతో బంగారు పతకం. భారతీయ జీవనం, చింతన అనే విషయాలలో ఏదో ఒక అంశాన్ని గూర్చి బెంగాలీలో గాని ఆంగ్లంలో గాని మూడు ప్రసంగాలకు తగ్గకుండా చేయాలి. వాటిని గ్రంథరూపంలో ప్రకటించాలి. ఇట్లు ప్రతి అంశాన్నీ న్యాయమూర్తికి తగిన జాగరూకతతో ఆయన నిర్ణయించారు.

ఆ ప్రసంగాలను వినే భాగ్యం మాత్రం ఆయనకు దక్కలేదు. 1924 మే 25న పాట్నాలో అశుతోష్ అకస్మాత్తుగా మరణించారు. అయినను ఆయన నాటిన మొక్క వాడిపోలేదు. అనిబిసెంట్, శ్రీనివాసశాస్త్రి వంటి ప్రముఖులు ఆ వేదికపై ప్రసంగించారు. 1942లో, ఆయన ఆహ్వానించి తెచ్చిన రాధాకృష్ణన్‌కే ఆ గౌరవం లభించింది. మతము, సమాజము అనే విషయంపై సాగిన ఆ ఉపన్యాసాలలో హిందూ సమాజంలో స్త్రీ స్థానాన్ని గూర్చి ఆయన ప్రత్యేకంగా చర్చించారు. బాల్యంలోనే వైధవ్యదుఃఖం అనుభవించిన ఒక బిడ్డ పేరిట వెలసిన వేదిక నుండి ఆ మాటలు వెలువడటం ఎంతయో సముచితం.

కుమార్తె బ్రతికియుండగా ఆమెకై సంఘాన్ని ఎదిరించిన ఆ తండ్రి, ఆమె పోయిన పిదప ఆమె పేరును జ్ఞానంతో ముడివేశారు. కన్నీరు తనకే మిగుల్చుకొని, దాని ఫలాన్ని పరులకు పంచినవారే నిజమైన దాతలు.