దిగులుకు గడువు పెట్టిన విలియం జేమ్స్

మనసు బాగుంటే పనులు చేసుకుంటాం అంటుంటాం. పని మొదలుపెడితే మనసే వెనకాల వస్తుందేమో చూద్దామని తనమీద తనే ప్రయోగం చేసుకున్నాడు విలియం జేమ్స్. అమెరికాలో మనస్తత్వశాస్త్రానికి పునాది వేసినవాడాయన.

1842లో న్యూయార్క్‌లో, కలిగిన ఇంట్లో పుట్టాడు. తమ్ముడు హెన్రీ జేమ్స్ పేరున్న నవలాకారుడు. విలియం మాత్రం కొన్నాళ్ళు బొమ్మలు వేయడం నేర్చుకుని మానేశాడు. తర్వాత రసాయనశాస్త్రం. 1869లో హార్వర్డ్‌లో డాక్టరు పట్టా పుచ్చుకున్నాడు కానీ ప్రాక్టీసు పెట్టనేలేదు. నడుంనొప్పి, కళ్ళు పనిచేయకపోవడం, చచ్చిపోదామన్న ఆలోచనలు. ఒక సాయంత్రం, ఎప్పుడో పిచ్చాసుపత్రిలో చూసిన కుర్రవాడి రూపం కళ్ళముందు మెదిలి, రేపు తనూ అంతేనేమో అని వణికిపోయాడు. 1902లో ఆ సంగతి పుస్తకంలో రాసినప్పుడు కూడా ఎవరో ఫ్రెంచివాడి అనుభవమని చెప్పాడు. అంత చదువుకున్నవాడికీ ఈ జబ్బు తనదని చెప్పుకోవాలంటే బిడియమే చూడండి!

1870 ఏప్రిల్ చివర్లో రెనూవియే అనే ఫ్రెంచి తత్వవేత్త పుస్తకం చదివాడు. ఎన్ని ఆలోచనలు వస్తున్నా వాటిలో ఒకదాన్ని కోరి పట్టుకుని ఉండగలగడమే మనిషి స్వేచ్ఛ అన్నది అందులో మాట. ఏప్రిల్ 30న డైరీలో రాసుకున్నాడు: ఆ స్వేచ్ఛ తనకుందని నమ్మడమే తన మొదటి పని అని. ఇంకో చిత్రం, తనలో తను తవ్వుకుంటూ కూర్చోవడాన్ని జనవరి ఒకటి దాకా వాయిదా వేశాడు! ఈలోగా చిన్నవైనా సరే, చేతలే ముఖ్యం అనుకున్నాడు.

మర్నాటికే తేరుకోలేదు లెండి. మూడేళ్ళు పట్టింది, ఆ తర్వాతా దిగులు వచ్చిపోతూనే ఉండేది. 1873లో హార్వర్డ్‌లో పాఠాలు చెప్పడం మొదలయ్యాక కాస్త నిలదొక్కుకున్నాడు. 1878లో టీచరుగా పనిచేస్తున్న ఆలిస్ గిబ్బెన్స్‌ని పెళ్ళాడాడు. ఆ ఏడే ఒప్పుకున్న మనస్తత్వశాస్త్ర గ్రంథం 1890కి గానీ పూర్తి కాలేదు. అందులో అలవాట్ల గురించి రాసింది ఇంట్లో ఉండే మనకి బాగా పనికొస్తుంది: కొత్త అలవాటు వేళ్ళూనేదాకా ఒక్కసారీ తప్పించకూడదట, రోజూ ఇష్టంలేని చిన్న పని ఒకటి కావాలని చేయాలట. సంతోషం లేకపోయినా ఉన్నట్టే నిటారుగా కూర్చుని మాట్లాడితే అది మెల్లగా వస్తుందని ఆడపిల్లల కాలేజీల్లో ఉపన్యాసాలూ ఇచ్చాడు.

1960ల్లో ఫిలడెల్ఫియాలో డాక్టర్ ఆరన్ బెక్, దిగులుపడేవాళ్ళ చేత తమ ఆలోచనల్ని కాగితంమీద పెట్టించి, నిజమెంతో వాళ్ళచేతే తేల్పించే చికిత్స తయారుచేశాడు. రోజుకింత పని అని రాసుకుని చేయడమూ అందులో భాగమే. మామూలు దిగులుకి ఇది ఇంట్లోనూ చేసుకోవచ్చు. చావు ఆలోచనలు వస్తుంటే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

నాకు మాత్రం విలియం కంటే ఆయన చెల్లెలు ఆలిస్ జేమ్స్ ఎక్కువ గుర్తొస్తుంది. అదే ఇల్లు, అదే జబ్బు. 1868లోనే మంచానపడింది. అన్నలకు కాలేజీలు, ఉద్యోగాలు ఉన్నాయి, ఆమెకి ఇల్లే. కొన్నాళ్ళు ఉత్తరాల ద్వారా ఆడవాళ్ళకి చరిత్ర పాఠాలు చెప్పింది. 1889లో ఇంగ్లండులో, లేవలేని స్థితిలో, డైరీ మొదలుపెట్టి 1892లో పోయేదాకా రాసింది. చేయి ఆడనప్పుడు స్నేహితురాలు కేథరిన్ లోరింగ్‌కి చెప్పి రాయించింది.