ఎప్వర్త్ పార్సనేజిలో ఒక తల్లి

మన శతవార్షికోత్సవ సంచికకు క్రైస్తవ కుటుంబమును గూర్చి ఏదైనా వ్రాయుమని సంపాదకులు కోరినప్పుడు ఉపదేశము వ్రాయుటకు నాకు ధైర్యము చాలలేదు. నేను నలుగురు బిడ్డల తండ్రిని. ఆదివారము ఉదయము మా యింట ఒకరి చెప్పు దొరకదు, ఒకరి జడ పూర్తి కాదు, మొదటి గంట కొట్టేసరికి చిన్నవాడు ఏడుస్తూ ఉంటాడు. నేను అంగీ తొడుగుకొని గుడికి వెళ్ళిపోతాను. మిగిలిన భారమంతా మీరందరు అమ్మగారు అని పిలిచే ఆమెదే. అందుచేత ఉపదేశము మాని ఒక తల్లి చరిత్ర వ్రాస్తున్నాను. ఆమె కూడ ఒక గురువుగారి భార్యే.

వేదాంత కళాశాలలో మేము సంఘచరిత్ర చదివినప్పుడు జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ అను అన్నదమ్ములను గూర్చి ఎన్నో పాఠములు విన్నాము. జాన్ గుఱ్ఱముపై దేశమంతా తిరిగి ప్రసంగించినవాడు. చార్లెస్ వేలకొలది కీర్తనలు వ్రాసినవాడు. వారి పేరున ఏర్పడిన సంఘమునుండి మిషనరీలు సికింద్రాబాదుకు, మెదకుకు వచ్చారు. తెలుగు దేశములో వెస్లీ పేరు పెట్టుకొన్న బడులున్నవి, బిడ్డలున్నారు. అయితే వీరిద్దరిని కని పెంచిన సూసన్నమ్మగారిని గూర్చి మా తరగతిలో ఒకటి రెండు వాక్యములకంటె ఎక్కువ వినలేదు.

సూసన్న 1669 జనవరి 20న లండనులో జన్మించారు. తండ్రి డాక్టర్ శామ్యూల్ ఆన్స్లీ, 1662లో రాజశాసనమునకు లోబడనందున తన గుడిని పోగొట్టుకొన్న గొప్ప బోధకుడు. ఆయన బిడ్డలలో ఈమె ఇరువది యైదవది, అందరికంటె చిన్నది. పదమూడేండ్లయినా నిండకముందే ఈ పిల్ల ఉభయపక్షముల వాదములను చదివి, ఆలోచించి, తండ్రి విడిచి వచ్చిన ఇంగ్లండు సంఘములోనికే తిరిగి వెళ్ళింది. అయినను తండ్రికి ఆమెపై ప్రేమ తగ్గలేదు. 1688లో, పందొమ్మిదవ ఏట, శామ్యూల్ వెస్లీ అను యువకుని వివాహమాడింది. ఆయన మంచి పండితుడు, కవి. డబ్బు లెక్కలు మాత్రము ఆయనకు చేతకాలేదు.

1690 మొదలుకొని 1709 వరకు ఆమెకు పందొమ్మిదిమంది బిడ్డలు పుట్టారు. వారిలో తొమ్మిదిమంది పసితనములోనే పోయారు. ముగ్గురు కుమారులు, ఏడుగురు కుమార్తెలు పెరిగి పెద్దవారయ్యారు. ఈ మాట చదివి దాటిపోవుట సులభమే. పందొమ్మిది ఏండ్లలో తొమ్మిది చిన్న పెట్టెలు ఆ యింటి గుమ్మము దాటి వెళ్ళినవి.

1697లో వారు లింకన్‌షైరులోని ఎప్వర్త్ గ్రామమునకు బదిలీ అయి వచ్చారు. అది చిత్తడి నేలల మధ్యనున్న ఊరు. జనులు మొరటువారు, గురువుగారి రాజకీయములు వారికి గిట్టవు. జీతము కాగితము మీద ఏటా ఇన్నూరు పౌనులు, అప్పులు అంతకంటె ముందే సిద్ధము. పాస్టరేటులో జీతము బాకీపడుట ఎట్లుంటుందో మన గురువుల కుటుంబములకు వేరే చెప్పనవసరము లేదు.

1705 వారికి మిక్కిలి చెడ్డ సంవత్సరము. అది ఎన్నికల కాలము. శామ్యూలుగారు ఒక పక్షమునకు మద్దతిచ్చినందున ఎదుటి పక్షమువారు రాత్రి ఆయన ఇంటి కిటికీల క్రింద డప్పులు కొట్టి తుపాకులు కాల్చారు. అమ్మగారు మూడు వారముల బాలింత. పసిబిడ్డను వీధికి అవతలనున్న ఒక దాదికి అప్పగించి యున్నారు. ఆ గోలకు రాత్రి చాల భాగము నిద్రలేని దాది తెల్లవారుజామున ఒళ్ళెరుగని నిద్రలో బిడ్డమీదికి ఒరిగిపోయింది. మెలకువ వచ్చి చూస్తే బిడ్డ చనిపోయియున్నది. భయముతో పిచ్చిదానివలె పరుగెత్తుకొని వచ్చి, ఆ బిడ్డను తల్లి చేతులలో పడవేసింది. అమ్మగారు పూర్తిగా మెలకువలోనికి రాకముందే ఇదంతా జరిగిపోయింది.

కొద్ది వారములలోనే ముప్పది పౌనుల అప్పు నిమిత్తము గురువుగారిని పట్టుకొనిపోయి లింకను కోటలోని చెరసాలలో వేశారు. ఇంట రొక్కము లేదు. అమ్మగారు తన ఉంగరములు తీసి భర్తకు పంపించారు. ఆయన వాటిని తిరిగి పంపివేశారు. ఆయన లేని సమయములో ఎవరో వచ్చి వారి ఆవులను పొడిచారు. ఇంటి బిడ్డలకు ఆ పాలే ఆధారము. తరువాత యార్కు ఆర్చిబిషప్పుగారు మీకెన్నడైన రొట్టె కరవైనదా అని ఆమెను అడిగినప్పుడు, రొట్టె లేకపోవుట అన్నది ఎన్నడు జరుగలేదు గాని, దానిని సంపాదించుటకు, తరువాత దాని వెల తీర్చుటకు పడిన పాట్లవలన అది నోటికి చేదైపోయినదని ఆమె జవాబిచ్చారు. ఆర్చిబిషప్పుగారు వెంటనే సహాయము చేశారు.

భార్యాభర్తల మధ్య ఎప్పుడు పొందికయే అనుకొనవద్దు. ఇద్దరు పట్టుదలగలవారే. విలియం రాజుకొరకు కుటుంబప్రార్థనలో భర్త చేసిన విన్నపమునకు అమ్మగారు ఆమేన్ అనలేదు. ఆమె దృష్టిలో దేశమునుండి తరిమివేయబడిన జేమ్సే నిజమైన రాజు. ఇంటిలో ఇద్దరు రాజులుంటే రెండు పడకలుండవలెనని చెప్పి గురువుగారు ఇల్లు విడిచి వెళ్ళిపోయారు. 1702 మార్చిలో విలియం రాజు మరణించినను పంతము వెంటనే తీరలేదు. పార్సనేజిలో కొంత భాగము కాలిపోగా ఆ అగ్నియే ఇద్దరిని ఒక చోటికి చేర్చింది. 1703 జూను 17న జాన్ వెస్లీ జన్మించారు. సంఘచరిత్ర ఇట్టి చిన్న గుమ్మములగుండ కూడ నడుస్తుంది.

రెండవ అగ్నిప్రమాదము మొదటిదానికంటె భయంకరమైనది. 1709 ఫిబ్రవరి 9 అర్ధరాత్రి పార్సనేజి అంతా అంటుకొన్నది. అమ్మగారు నిండు గర్భవతి, మంటలలోనుండి నడచి బయటపడ్డారు. బిడ్డలను లెక్క చూడగా ఒకడు తక్కువ. అయిదేండ్ల జాన్ మేడమీద నిద్రపోతున్నాడు. తండ్రి మెట్లెక్కబోగా అవి కాలి కూలిపోతున్నవి. ఆయన మోకాళ్ళూని ఆ బిడ్డ ఆత్మను దేవునికి అప్పగించారు. ఇంతలో పిల్లవాడు కిటికీలో కనబడ్డాడు. నిచ్చెన తెచ్చుటకు వ్యవధి లేదు. ఒక మనిషి భుజములపై మరియొకడు ఎక్కి వానిని లాగివేశాడు. మరుక్షణమే పైకప్పు లోపలికి కూలింది. ఇల్లు పోయింది. పుస్తకములు, వ్రాతపనులు అన్నియు పోయినవి. బిడ్డలు పదిమంది నిలిచారు. పదవది, కెజియా, మరునెలలో పుట్టింది.

ఇల్లు తిరిగి కట్టువరకు బిడ్డలను బంధువుల ఇండ్లకు, పరిచయస్తుల ఇండ్లకు పంపవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి వారు ఆమె బిడ్డలవలె లేరు. మోటుమాటలు నేర్చుకొన్నారు, ఆదివారపు భక్తి మరచిపోయారు, పాటలు మాత్రము ఏవేవో పట్టుబడినవి. సెలవులకు బిడ్డలను ఊరికి పంపిన తల్లులకు ఇది కొంత తెలుసు. ఆమె మరల మొదటినుండి ప్రారంభించారు.

ఆమె పెంపకపు పద్ధతి మనకు తెలియుటకు కారణము జానే. తల్లిని వ్రాసియిమ్మని ఆయన కోరగా ఆమె 1732 జూలైలో ఒక పెద్ద ఉత్తరము వ్రాశారు. ఏప్రనును తలపై కప్పుకొని ఆమె ప్రార్థించుకొనేవారని మనము ప్రసంగములలో చెప్పుతుంటాము. ఆ ఉత్తరములో అది లేదు. ఉన్నవి నిత్యజీవితపు సంగతులు. రోజుకు మూడు పూటల భోజనము, మధ్యలో తినుట లేదు. సాయంత్రము ఆరు గంటలకు కుటుంబప్రార్థన, తరువాత భోజనము. ఏడు గంటలకు చిన్నవారినుండి మొదలుపెట్టి స్నానము. ఎనిమిదింటికి అందరు పడకలమీద ఉండవలెను, నిద్రపట్టువరకు ప్రక్కన ఎవరు కూర్చొనుట లేదు. మాటలు వచ్చిన వెంటనే ప్రభువు నేర్పిన ప్రార్థన. పనివారిని ఏమైన అడుగవలెనంటే మర్యాదగా అడుగవలెను. అన్న, అక్క, తమ్ముడు, చెల్లి అను వరుస చేర్చకుండ ఒకరినొకరు వట్టి పేరుతో పిలువరాదు. ఈ చివరి నియమము చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. మన ఇండ్లలో నాయనమ్మలు నేర్పేదే ఇది.

అయిదవ పుట్టినరోజు మరునాడు బిడ్డకు అక్షరాభ్యాసము. ఆ దినమున ఇంటిలో మరే పని లేదు. ఉదయము తొమ్మిదినుండి పన్నెండు, మధ్యాహ్నము రెండునుండి అయిదు. ఒక్క దినములో అక్షరములన్నియు రావలెను. మోలీకి, నాన్సీకి మాత్రము దినమున్నర పట్టింది. తరువాత ఆదికాండము మొదటి అధ్యాయము. కెజియాకు ఇతరుల బలవంతముచేత అయిదేండ్లు నిండకముందే మొదలుపెట్టగా, ఇతరులకు నెలలు పట్టినది ఆమెకు ఏండ్లు పట్టింది. నర్సరీ బడి గుమ్మమువద్ద తొందరపడే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించవచ్చును. ఆడపిల్లకు చక్కగా చదువు వచ్చువరకు కుట్టుపని నేర్పరాదన్నది ఆమె నియమము. ఆ కాలమునకు అది చిన్న మాట కాదు. సాయంత్రము అయిదు గంటలకు పెద్ద బిడ్డ మాటలు వచ్చినవారిలో అందరికంటె చిన్నవానిని, రెండవ బిడ్డ తరువాతివానిని, ఆలాగున ఒక్కొక్కరు ఒక్కొక్కరిని తీసికొనిపోయి ఆ దినపు కీర్తనలు, క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయము చదివించాలి.

ఆమె ఉత్తరములో నేను ఒప్పుకొనలేని సంగతి కూడ ఉన్నది. ఏడాది నిండేసరికే బిడ్డ బెత్తమునకు భయపడి మెల్లగా ఏడ్వడము నేర్చుకొనవలెనని ఆమె వ్రాశారు. బిడ్డ స్వచిత్తమును మొదటనే విరువవలెనన్నారు. ఆ కాలమంతా ఆలాగే తలంచింది. అయినను నేనైతే సంఘములో దీనిని బోధించను. అయితే అదే ఉత్తరములో, తప్పు ఒప్పుకొన్న బిడ్డను కొట్టరాదు, ఒక తప్పుకు రెండుసార్లు శిక్షించరాదు, దాని విషయము మరల ఎత్తరాదు, మంచి ఉద్దేశముతో చేసినది చెడిపోయినను ఆ ఉద్దేశమును మెచ్చుకొనవలెను అని కూడ ఉన్నది. మొదటి నియమమును పాటించేవారు మన ఇండ్లలో ఎందరో ఉన్నారు. తరువాతివి పాటించేవారిని నేను అరుదుగా చూశాను, నన్ను కలుపుకొని.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది. 1711-12 చలికాలములో గురువుగారు సంఘసభ నిమిత్తము లండనులో ఉండగా, పెద్ద కుమార్తె ఎమీలియాకు తండ్రి గదిలో ఒక పుస్తకము దొరికింది. అది తరంగంబాడిలోని డేనిష్ మిషనరీల వృత్తాంతము. 1706లో మన దక్షిణ తీరమున దిగిన సీగెన్‌బాల్గుగారి పని అది. ఆ మిషనులోనికే కొన్ని ఏండ్లకు షుల్జ్‌గారు వచ్చి, బైబిలును తెలుగులోనికి తర్జుమా చేయ పూనుకొన్నారు. ఆ పుస్తకము చదివించుకొని విన్న సూసన్నమ్మగారికి కొన్ని దినములు మరొక ఆలోచన పట్టలేదు. తాను పురుషుడు కాదు, గురువు కాదు, సముద్రములు దాటలేదు. మొదట తన బిడ్డలతోనే ప్రారంభింప నిశ్చయించుకొన్నారు. ప్రతి రాత్రి ఒక బిడ్డతో ఒంటరిగా కూర్చొని మాటలాడుట. సోమవారము మోలీ, మంగళవారము హెట్టీ, బుధవారము నాన్సీ, గురువారము జాన్, శుక్రవారము పాటీ, శనివారము చార్లెస్, ఆదివారము ఎమీలియా, సూకీ. తరంగంబాడి మిషను ఎప్వర్తు వంటయింటిలో ఇట్టి ఫలము ఫలించింది.

ఆ చలికాలములోనే ఆదివారము సాయంత్రము బిడ్డలకు, పనివారికి ఆమె చదివి వినిపించే ప్రసంగము వినుటకు ఇరుగుపొరుగువారు రాసాగి, చివరకు ఇన్నూరుమంది వరకు చేరారు. గుడిలో ఉదయపు ఆరాధనకంటె ఇది ఎక్కువ. సహాయ గురువుగారు లండనుకు ఫిర్యాదు వ్రాశారు. మానివేయుమని భర్త సలహా ఇచ్చారు. ఆమె వినయముగానే, సలహా చాలదు, క్రీస్తు న్యాయపీఠము ఎదుట ఆ బాధ్యత తనమీద లేకుండునట్లు స్పష్టముగా ఆజ్ఞాపించుమని వ్రాశారు. ఆయన ఆజ్ఞాపించలేదు.

జాన్ గురువారములు ఎంతోకాలము సాగలేదు. 1714లో, పదేండ్ల వయస్సున, ఆయన లండనులో హాస్టలు బడికి వెళ్ళిపోయారు. చాల ఏండ్ల తరువాత, ఆక్స్‌ఫర్డులో పండితుడై యుండి కూడ, మునుపు గురువారము సాయంత్రము నాకిచ్చిన ఆ కొంత సమయమును ఇప్పుడును నాకొరకు ప్రార్థనలో కేటాయించుమని తల్లికి వ్రాశారు. ఆ సమయము ఒక్క గంటకు మించి ఉండదు. ఇది చదివిన రాత్రి నేను మా నలుగురు పిల్లలకు నాలుగు వారములు వ్రాసి చూశాను. బుధవారము కాటేజి ప్రార్థన, శుక్రవారము ఉపవాస కూటము, శనివారము ప్రసంగము సిద్ధపాటు. మా రెండవ అమ్మాయికి ఏ దినము దొరకలేదు.

అయితే ఆ గంటలు బిడ్డలను సమస్త కీడునుండి కాపాడినవని వ్రాస్తే అబద్ధమవుతుంది. ఎనిమిదేండ్లకే గ్రీకు క్రొత్త నిబంధన చదివిన హెట్టీ, అందరిలో చురుకైనది, 1725లో ఒకనిని నమ్మి ఇల్లు విడిచి వెళ్ళి, మోసపోయి తిరిగి వచ్చింది. తండ్రి తొందరగా ఒక ప్లంబరుకిచ్చి పెండ్లి చేశారు. ఆ కాపురములో ఆమెకు సుఖము లేదు. తండ్రి ఆమెను నిండుగా క్షమింపలేకపోయారు. జాన్ పాపులయెడల చూపవలసిన ప్రేమను గూర్చి ప్రసంగము చేసి తండ్రికి కోపము తెప్పించారు. సూకీ కాపురము చెడింది. పాటీ భర్త నమ్మకద్రోహి. మోలీ ప్రసవములో మరణించింది. సూసన్నమ్మగారు వీటిలో చాలవరకు చూశారు. మన సంఘములలో బిడ్డ తప్పిపోగా గుడికి రావడము మానుకొన్న తల్లులున్నారు. వారి ఇంటికి వెళ్ళినప్పుడు నేను జాన్ తల్లిని గూర్చి గాక హెట్టీ తల్లిని గూర్చి చెప్పుతాను.

1735 ఏప్రిల్‌లో గురువుగారు మరణించారు. పార్సనేజి ఖాళీ చేయవలసి వచ్చింది. ఆ సంవత్సరమే జాన్, చార్లెస్ అమెరికాలోని జార్జియాకు మిషనరీలుగా వెళ్ళవచ్చునా అని అడిగితే, ఇరువదిమంది కుమారులున్నను అందరిని పంపుదునన్నారు. అప్పటినుండి బిడ్డల ఇండ్లలో వంతులవారిగా ఉండి, చివరకు లండనులో జాన్ కూటములు జరిపే ఫౌండరీకి చేరారు. అక్కడ మాక్స్‌ఫీల్డు అను అభిషేకము లేని యువకుడు ప్రసంగించుచున్నాడని జాన్ మండిపడి వచ్చినప్పుడు, మొదట నీవే వెళ్ళి విని, ఫలము చూచి తీర్పు తీర్చుమని ఆమె చెప్పారు. ఆయన విన్నారు. సంఘస్తులు ప్రసంగించుట మెథడిస్టులలో ఆలాగు నిలిచింది.

1742 జూలైలో ఆమె మరణించారు. చార్లెస్ ఊరిలో లేరు. జాన్, అక్కచెల్లెండ్రు మంచము చుట్టు నిలిచియున్నారు. తాను విడుదల పొందిన వెంటనే దేవునికి స్తుతికీర్తన పాడుమని బిడ్డలకు ముందుగానే చెప్పియున్నారు. అప్పటికి వారందరు నడివయస్సువారు. ఆమె ఊపిరి ఆగగానే మంచము చుట్టు నిలిచి పాడారు.