సవర బడి పెట్టిన పంతులుగారు



డిగ్రీ పూర్తయిన పిల్లల సంగతి మీ ఇళ్లలో ఎలా చర్చకు వస్తుందో నాకు తెలుసు. కంపెనీ ఉద్యోగం రాలేదు, విదేశానికి పంపే స్తోమత లేదు, సరే, బి.ఇడి. చేయనీ అంటారు. మన ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల కళాశాలలకు కొదవ లేదు కదా! రెండేళ్లు చదివి, టెట్ రాసి, డి.ఎస్.సి. కోసం ఎదురుచూడటమే. ఇక పాఠం చెప్పడానికి ఏం కావాలన్న ప్రశ్న ఆ చర్చలో ఎక్కడా రాదు. అందుకే ఈ వారం గిడుగు వెంకట రామమూర్తి గారి జీవితం మీ ముందుంచుతున్నాను. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వాడుక భాష కోసం పోరాడిన పండితుడిగా ఆయనను మీరు ఎరుగుదురు. నన్నడిగితే మాత్రం ఆయన మొదట బడిపంతులు, తరువాతే మిగిలినవన్నీ.

ఆయన 1863లో శ్రీకాకుళం ప్రాంతంలో, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండేళ్ల వయసులో తండ్రి పోయారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ గట్టెక్కి, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. నెలకు ముప్ఫై రూపాయల జీతం. కుటుంబ భారం మోస్తూనే, పాఠాలు చెబుతూనే, ప్రైవేటుగా ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలు నెగ్గారు. పట్టా చేతికి వచ్చాక చదువు మానేసే ఉపాధ్యాయులు ఈ మాట గమనించాలి.

పర్లాకిమిడి కొండల్లో సవరలు ఉంటారు. వారి భాష తెలుగుకు గాని, ఒడియాకు గాని చెందినది కాదు. దానికి అప్పట్లో సొంత లిపి కూడా లేదు. అటువంటి పిల్లవాణ్ణి తెలుగు బడిలో కూర్చోబెడితే ఏం జరుగుతుంది? పలక మీది అక్షరమూ కొత్తదే, ఆ అక్షరం పలికే మాటా కొత్తదే. అర్థం కాక నోరు మూసుకున్న పిల్లవాణ్ణి మందబుద్ధి అని తేల్చేయడం చాలా సులువు. రామమూర్తి గారు అలా తేల్చలేదు. నేర్చుకోవలసింది ముందు తానేనని గ్రహించారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని, ఏళ్ల తరబడి ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగారు. మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిని, ఆ చెవుడు జీవితాంతం మిగిలింది.

తరువాత సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు తెరిచి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వజూపితే, తనకు వద్దనీ, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి నడపమనీ కోరారు.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు పునీత తోమాస్ అక్వినాస్ బోధన గురించి చెప్పినది మేము నేర్చుకున్నాం. విద్యార్థిని అతనికి తెలిసినదాని నుంచి తెలియనిదానికి నడిపించడమే గురువు పని అని ఆయన భావం. రామమూర్తి గారు అక్వినాస్‌ను చదివారో లేదో గాని, ఆ సూత్రాన్ని కొండ మీద అమలు చేశారు.

వాడుక భాషోద్యమం కూడా తరగతి గదిలోంచే పుట్టింది. 1907 ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఏ. యేట్స్ అనే ఆంగ్లేయుడు, తెలుగువారు మాట్లాడే భాషకూ పుస్తకాల భాషకూ ఇంత దూరమెందుకని ఆరా తీశాడు. ఆ ప్రశ్న రామమూర్తి గారిని వదల్లేదు. గురజాడ, విశాఖ కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ తోడయ్యారు. ఎదుటిపక్షంలో జయంతి రామయ్య పంతులు వంటి ఉద్దండులు నిలిచారు. ప్రభుత్వం చివరకు వారి వైపే మొగ్గింది. 1915లో గురజాడ గారు మరణించారు. అయినా రామమూర్తి గారు ఆగలేదు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక నడిపి, ఊరూరా తిరిగి వాదించారు. రెండవ వాటికన్ మహాసభ తరువాత లతీనుకు బదులు తెలుగులో పూజ విన్న నాటి పెద్దలు మీలో ఉంటే, ఈ తగాదా వట్టి వ్యాకరణ తగాదా కాదని వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మన చుట్టూ చూడండి. మంచాల, యాచారం వైపు తండాల్లో పిల్లలు ఇంట్లో లంబాడీ భాష మాట్లాడతారు. బడికి వస్తే తెలుగు, ఇంగ్లీషు. వీలైనంత వరకు బోధన మాతృభాషలో జరగాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. బి.ఇడి. చదివే మీ అబ్బాయో అమ్మాయో రేపు ఆ పిల్లల ముందు నిలబడవచ్చు. వారి భాషలో పది మాటలైనా నేర్చుకున్నారా అని ఈ ఆదివారం భోజనాల దగ్గర అడిగి చూడండి. టెట్ మార్కులు తరువాత అడగవచ్చు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, ఆయన యాభై ఏళ్లకు పైగా బతికిన ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. సవర వ్యాకరణం అంతకుముందే, 1931లో వెలువడింది. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. సవర భాష పనిని ఆయన కుమారుడు సీతాపతి గారు కొనసాగించారు.