సత్యం మాస్టారి సంఘం, కలకత్తా కమిటీ

జూలై 10 వస్తే పార్వతీపురం వైపు మిత్రులు వెంపటాపు సత్యనారాయణని తలుచుకుంటారు. 1970లో ఆ రోజునే ఆయనా, ఆదిభట్ల కైలాసమూ బోడికొండల్లో పోలీసుల చేతిలో చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులు రాసుకున్నారు. పట్టుకుని కాల్చేశారని ఉద్యమం అప్పటినుంచీ చెబుతూనే ఉంది. ఆ చావు గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. మేము అడగదలుచుకున్నది వేరే. జాతాపుల్నీ సవరల్నీ ఒక సంఘంలో కూర్చోబెట్టగలిగిన మనిషి పేరు, దేశమంతటికీ విప్లవం నడుపుతానన్న కమిటీలో చేరింది. మరి ఆ కమిటీ దేశాన్ని ఏకం చేయడం అలా ఉంచి, ఆయన కొండల్నే ఎందుకు కలిపి ఉంచలేకపోయింది?

ఆయన ప్రాథమిక పాఠశాల మాస్టారు. గిరిజనుడు కాదు. కొండబారిడిలో పిల్లలకి అక్షరాలు చెప్పడానికి వచ్చి అక్కడే ఉండిపోయారు. కొండల్లో జనం ఆయన్ని గప్పగురువు అని పిలుచుకున్నారు. అప్పటికి ఆ ప్రాంతమంతా శ్రీకాకుళం జిల్లాయే. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది, పార్వతీపురం మన్యం జిల్లా 2022లో. అందుకే కురుపాం పక్క ఊళ్ళలో జరిగిన కథకి కూడా శ్రీకాకుళం పోరాటమనే పేరు నిలిచింది.

మాస్టారికి కనబడిన ఏజెన్సీ ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. గిరిజనుల భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. 1959లో ఆంధ్రప్రదేశ్ మరో రెగ్యులేషన్ తెచ్చింది. రెండూ కాగితం మీద బాగానే ఉన్నాయి. కింద మాత్రం సావుకారి ఉప్పుకీ గుడ్డకీ అప్పు ఇచ్చేవాడు, పంట కళ్ళంలోకి రాగానే ధాన్యం కొలుచుకుపోయేవాడు. అప్పు తీరేది కాదు, భూమి చేతులు మారేది. నిన్నటిదాకా ఆ చెక్క దున్నుకున్న మనిషి అదే చెక్కలో బుగత దగ్గర కంబారిగా చేరేవాడు. పోడు కొట్టుకుందామంటే ఫారెస్టు గార్డుకి మామూలు ఇవ్వాలి.

సంఘం పని మాస్టారు ఒక్కరితో మొదలు కాలేదు. మొండెంఖల్లు వైపు పల్లె రాములు అప్పటికే తిరుగుతున్నారు. గిరిజన సంఘం కట్టింది ఇలాంటివాళ్ళంతా కలిసి. సంఘం చేసిన పనులు పైకి చిన్నవిగా కనిపిస్తాయి. కంబారి కూలి పెంచమని అడగడం, అడవిలో పుల్ల ఏరుకుంటే మామూలు ఇవ్వమని చెప్పడం, తప్పుడు అప్పు కాగితాల్ని ఒప్పుకోకపోవడం, బంజరు దున్నడం, ఊరి తగువు ఊళ్ళోనే తీర్చుకోవడం. జాతాపులు తాము సవరలకన్నా ఒక మెట్టు పైన అనుకునే చోట, ఇద్దరూ ఒకే సభలో కూర్చుని ఒకే కూలి రేటు అడగడం చిన్న విషయం కాదు. ఏళ్ళ తరబడి తిరిగితే వచ్చిన కలయిక అది.

ఆ కలయిక కోసమే మాస్టారు జాతాపుల్లో ఒకామెని, సవరల్లో ఒకామెని పెళ్ళి చేసుకున్నారని చెబుతారు. ఉద్యమ కథల్లో దీన్ని గొప్పగానే చెబుతారు. మాకు మాత్రం ఇక్కడ గొంతులో ముల్లు పడ్డట్టు ఉంటుంది. తెగల మధ్య వంతెనగా నిలబడమని ఆ ఇద్దరు ఆడవాళ్ళని ఎవరు అడిగారు? ఆయన పేరు మీద పుస్తకాలు వచ్చాయి. వాళ్ళ మాట మాత్రం మేము చదివిన కథల్లో ఎక్కడా వినబడదు.

1967 అక్టోబర్ 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకి వెళ్తున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. మరుసటి ఏడు కోర్టు నిందితుల్ని నిర్దోషులని వదిలేసింది. దళిత వాడల్లో పెరిగినవాళ్ళకి ఈ వరస కొత్తగా చెప్పనక్కరలేదు. కారంచేడూ చుండూరూ మనకి తెలుసు. లేవిడి తీర్పు తర్వాత సభలూ ఊరేగింపులూ చాలవని కుర్రాళ్ళు అనుకున్నారంటే వాళ్ళని తప్పుపట్టలేం. 1968 నవంబర్ 25న పెదగొత్తిలిలో దాదాపు 250 మంది ఒక భూస్వామి ఇంటి మీద పడి ధాన్యం తీసుకున్నారు, అప్పు పత్రాలు తగలబెట్టారు. ఆ రోజు కూడా అది జనం పనే.

మార్పు ఆ తర్వాత వచ్చింది. 1969 ఫిబ్రవరిలో తరిమెల నాగిరెడ్డి వర్గంతో అఖిల భారత సమన్వయ సంఘం తెగతెంపులు చేసుకుంది. ఏప్రిల్ 22న సీపీఐ(ఎంఎల్) ఏర్పడింది. కొండల్లో రైతాంగ సంగ్రామ సమితులు, ప్రజాకోర్టులు వచ్చాయి. ఊరిని ఊరే ఏలుకునే ప్రభుత్వానికి ఇవి బీజాలని పార్టీ చెప్పింది. కానీ అదే పార్టీ నాయకుడు చారు మజుందార్ లైన్ ప్రకారం బహిరంగ ప్రజాసంఘాలు అడ్డంకి, వర్గశత్రు నిర్మూలనే దారి. కూలి రేటు అడగడానికి ఊరంతా రావాలి, ఒక మనిషిని చంపడానికి రహస్యంగా కదిలే నలుగురు చాలు. మిగతా ఊరు చూస్తూ ఉండాలి, తెల్లారితే పోలీసు దెబ్బలు మాత్రం ఊరంతా తినాలి. సమితులు నిలదొక్కుకోకముందే కల్లోలిత ప్రాంతమని ప్రకటన వచ్చింది, క్యాంపులు దిగాయి. 1969 మేలో పంచాది కృష్ణమూర్తి, డిసెంబర్‌లో సుబ్బారావు పాణిగ్రాహి, పంచాది నిర్మల చనిపోయారు.

1970 మేలో కలకత్తాలో రహస్యంగా జరిగిన పార్టీ కాంగ్రెస్ సత్యం మాస్టారినీ కైలాసాన్నీ కేంద్ర కమిటీలోకి ఎన్నుకుంది. చరిత్ర విద్యార్థులకి ఇక్కడ ఫ్రాంక్‌ఫర్ట్ గుర్తుకు రావచ్చు. 1848లో జర్మనీని ఏకం చేస్తామని ఒక చర్చిలో కూర్చున్న విప్లవ పార్లమెంటు అది. లాయర్లూ ప్రొఫెసర్లూ నెలల తరబడి రాజ్యాంగం రాశారు, మరుసటి ఏడు కిరీటం ఇస్తామంటే ప్రష్యా రాజు వద్దన్నాడు. వాళ్ళకి సైన్యమూ లేదు, వెనక రైతూ లేడు. కలకత్తా కమిటీ పోలిక పూర్తిగా కుదరదు, వీళ్ళు ప్రాణాలిచ్చినవాళ్ళు. కానీ ఉద్యమం నుంచి మనకి వినబడే పెద్ద పేర్లు చూడండి. మాస్టార్లు, లాయరు, కవి. సవర గొంతుకి, జాతాపు గొంతుకి, మైదానంలో జీడితోటల కూలికి ఆ బల్ల దగ్గర పీట ఎక్కడ?

కులం పోతుందన్న నమ్మకం లేకుండా పేదలంతా కలిసి విప్లవానికి రారని అంబేడ్కర్ 1936లోనే సోషలిస్టులకి చెప్పారు. వర్గం ఒక్కటైతే కులమూ తెగా వాటంతట అవే సర్దుకుంటాయని కమిటీ అనుకుంది. గిరిజన సంఘం అలా అనుకోలేదు. అందుకే దానికి కూలి రేటుతో పాటు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్నది కూడా పని అయింది. మాకు సత్యం మాస్టారి జీవితంలో పెద్ద పని అదే అనిపిస్తుంది, తుపాకీ పట్టిన ఏడాదిన్నర కాదు.

ప్రభుత్వం ఆలస్యంగానైనా భయపడింది. 1970లోనే 1/70 రెగ్యులేషన్ వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడిదేనని ముందు అనుకోవాలి, కాదని రుజువు చేసుకునే బరువు ఆ గిరిజనేతరుడి మీదే పడింది.

1972లో విశాఖ జైలు నుంచి ఆరుగురు నాయకులు పార్టీకి బహిరంగ లేఖ రాశారు. కానూ సన్యాల్, చౌదరి తేజేశ్వరరావు, నాగభూషణ్ పట్నాయక్ వాళ్ళలో ఉన్నారు. ప్రజాసంఘాల్ని వదిలేయడం, నిర్మూలన లైన్ తప్పులని అందులో ఒప్పుకున్నారు. ఆ లేఖ వచ్చేనాటికి మాస్టారు పోయి రెండేళ్ళయింది. బతికుండి అదే జైల్లో ఉంటే ఏడో సంతకం పెట్టేవారా? కొండబారిడి రోజులు తెలిసిన ఎవరైనా పెట్టేవారనే అంటారని మేము అనుకుంటాం.