ప్లేగు ఆస్పత్రి కలరాకూ అక్కరకొచ్చింది

ఈశాన్య చైనాలోని మంచూరియాలో ప్లేగును అరికట్టిన డాక్టర్ వూ లియన్‌టే 1879లో మలయాలోని పెనాంగ్‌లో ఒక చైనా కుటుంబంలో జన్మించారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో వైద్యం చదివారు.

1910 చివర మంచూరియాలో ప్లేగు చెలరేగగా చైనా ప్రభుత్వం ఆయనను హార్బిన్ పట్టణానికి పంపింది. వ్యాధి దగ్గు తుంపరల ద్వారా మనిషి నుంచి మనిషికి పాకుతున్నదని గ్రహించి, ముక్కుకు, నోటికి దూది పెట్టిన గుడ్డ కట్టుకోవాలన్నారు. ఆ మాట నమ్మని ఫ్రెంచి వైద్యుడు మెస్నీ ప్లేగుతోనే మరణించారు. రోగులను కలిసినవారిని రైలు పెట్టెల్లో వేరుగా ఉంచారు. మంచుకు నేల గడ్డకట్టి పూడ్చలేని రెండు వేలకు పైగా శవాలను చక్రవర్తి అనుమతితో దహనం చేయించారు. 1911లో వ్యాధి అణిగేసరికి సుమారు 60 వేల మంది చనిపోయారు.

వ్యాధి పోయింది కదా అని ఆయన ఊరుకోలేదు. 1912లో ప్లేగు నివారణ సంస్థను నెలకొల్పి, శాశ్వత ఆస్పత్రులు కట్టించి, సిబ్బందిని నిలిపారు. 1919లో హార్బిన్‌లో కలరా సోకినప్పుడు ఆ ప్లేగు ఆస్పత్రిలోనే కలరా రోగులకు చికిత్స జరిగింది. కొత్త ఏర్పాట్ల కోసం పరుగులు పెట్టే పని తప్పింది. 1920-21లో ప్లేగు మళ్లీ వచ్చినా మరణాలు సుమారు 9 వేలతో ఆగాయి.

ఆయన 1960లో పెనాంగ్‌లో, 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు.