గాలితోనే దీపం పెట్టిన సారు



మేము నలుగురం పాత విద్యార్థులం ఆదివారాలు హాస్టల్‌కు వచ్చి తమ్ముళ్ళకు లెక్కలు, సైన్సు చెబుతున్న సంగతి మీకు తెలుసు. ఒకరోజు ఏడో తరగతి తమ్ముడొకడు లేచి, బస్సులో బెంగళూరు వైపు పోతుంటే గుట్టల మీద తెల్లటి పెద్ద ఫ్యాన్లు చూశానని, అవి తిరగడానికి కరెంటు ఎక్కడి నుంచి ఇస్తారని అడిగాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. తీరా విడమరచి చెప్పబోతే మాకే తడబాటు వచ్చింది. పీజీ చదువుతున్నామన్న గర్వం ఆ పూటకు దిగిపోయింది. తర్వాత లైబ్రరీలో కూర్చొని వెతికితే, ఆ ప్రశ్నకు జవాబుతో పాటు ఒక పెద్దమనిషి జీవితం దొరికింది. ఆయన కూడా పల్లెటూరి పిల్లలు ఉండి చదువుకునే బళ్ళో పాఠం చెప్పిన సారే. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు ఆయన గురించి రాస్తున్నాం.

ఆయన పేరు పౌల్ లా కూర్. 1846 ఏప్రిల్ 13న డెన్మార్క్‌లో ఎబెల్‌టాఫ్ట్ అనే ఊరి దగ్గర పుట్టారు. మనలాగా పేద ఇంటివాడు కాదు. వాళ్ళకు పొలాలున్నాయి. కోపెన్‌హాగెన్‌లో వాతావరణ శాస్త్రం చదివి, 1872లో ఆ దేశపు వాతావరణ సంస్థ మొదలైనప్పుడు అందులో పెద్ద ఉద్యోగంలో చేరారు. టెలిగ్రాఫ్‌లో కొత్త పరికరాలు కనిపెట్టారు. డెన్మార్క్ ఎడిసన్ అని ఆయన్ను పిలిచినవాళ్ళున్నారు.

అంతటి మనిషి 1878లో రాజధాని వదిలి ఆస్కోవ్ అనే చిన్న ఊరికి సారుగా వెళ్ళిపోయారు. ఆ బడి మామూలు బడి కాదు. 1864 యుద్ధంలో డెన్మార్క్ ఓడిపోయి దక్షిణాన చాలా భూమి పోగొట్టుకుంది. ఆ మరుసటి ఏడాదే రైతుల పిల్లల కోసం ఆస్కోవ్‌లో ఆ బడి తెరిచారు. పిల్లలు అక్కడే ఉండి, అక్కడే తిని చదువుకునేవాళ్ళు. పరీక్షలు లేవు, మార్కులు లేవు (ఈ మాట తమ్ముళ్ళు రెండుసార్లు చదువుతారని మాకు తెలుసు). లా కూర్ సారు లెక్కలనూ ఫిజిక్సునూ కథలాగా చెప్పేవారు. ఏ సూత్రం ఎవరికి, ఎందుకు అవసరమై పుట్టిందో అక్కడి నుంచి మొదలుపెట్టేవారు.

అప్పుడప్పుడే పట్నాలకు కరెంటు వస్తోంది. ఊళ్ళకు రావడం లేదు. వెలుగూ యంత్రాలూ పట్నంలోనే ఉంటే ఊరి పిల్లలంతా అటే పోతారని సారు దిగులు. మాలో ఇద్దరం పదో ఏడు వచ్చేదాకా కిరోసిన్ దీపం ముందు ఎక్కాలు చదివినవాళ్ళం. ఆ దిగులు మాకు ఎవరూ వివరించనక్కర్లేదు. డెన్మార్క్‌లో బొగ్గు లేదు, పెద్ద నదులు లేవు. ఉన్నదల్లా గాలి. ప్రభుత్వం కొంత డబ్బు ఇస్తే 1891లో బడి పక్కనే ఒక గాలిమర కట్టి, దానికి డైనమో బిగించారు.

ఇక్కడ తమ్ముడి ప్రశ్నకు వద్దాం. మన గదిలో ఫ్యాను కరెంటు తీసుకొని గాలి ఇస్తుంది. గుట్ట మీది ఫ్యాను గాలి తీసుకొని కరెంటు ఇస్తుంది. గాలి రెక్కలను తోస్తే ఇరుసు తిరుగుతుంది, ఇరుసు జనరేటర్‌ను తిప్పుతుంది. పాత సైకిళ్ళకు టైరుకు రాసుకుంటూ తిరిగే డైనమో ఉండేది కదా, పని అదే. రెక్క పొడవు రెండింతలు చేస్తే అందే శక్తి నాలుగింతలు. గాలి వేగం రెండింతలైతే శక్తి ఎనిమిదింతలు! అందుకే గాలి బాగా వీచే గుట్టలు వెతుక్కుంటూ పోతారు. మన సుచిత్ర మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే కర్నూలు, గుత్తి, అనంతపురం మీదుగా బెంగళూరు పోతుంది. ఆ దారిలో రామగిరి ప్రాంతపు గుట్టల మీద 1990లలోనే గాలిమరలు లేచాయి. నైరుతి రుతుపవనాల నెలల్లో అక్కడ గాలి బలంగా వీస్తుంది. సుచిత్రలో అపార్ట్‌మెంట్లు గాలిని ఎక్కడికక్కడ ఆపేస్తాయి.

మరి గాలి ఆగిపోతే? గాలిలో దీపం పెట్టి దేవుడి మీద భారం వేసినట్టే కదా. సారుకు పెద్ద చిక్కు ఇదే. ఆయన చేసిన పని వింటే ఆశ్చర్యం వేస్తుంది. గాలి ఉన్నప్పుడు వచ్చిన కరెంటును నీళ్ళలోకి పంపి, నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టారు. మన బడిలో చెప్పే ప్రయోగమే, కాకపోతే పెద్దది. ఆ వాయువులను ట్యాంకుల్లో దాచి, గొట్టాల ద్వారా బడికి తెచ్చి దీపాలు వెలిగించారు. 1895 నుంచి 1902 దాకా ఆ పిల్లలు ఆ వెలుగులోనే చదువుకున్నారు. హైడ్రోజన్ పేలే గుణం ఉన్నదని మీకు తెలుసు. ఒకసారి కాదు, చాలాసార్లు పేలుడుకు బడి కిటికీ అద్దాలు పగిలాయట. మన దగ్గరైతే వార్డెన్ సారు మొదటి అద్దానికే గాలిమర విప్పించేవారు. తర్వాత ఆయనే ఈ పద్ధతి వదిలి బ్యాటరీలకు మారారు. ఇప్పుడు మన దేశం 2023లో గ్రీన్ హైడ్రోజన్ మిషన్ పెట్టుకొని, గాలి, ఎండల కరెంటుతో నీటిని విడగొట్టాలని చూస్తోంది.

ఇంకొకటి కూడా కనిపెట్టారు. రెక్కలు ఎక్కువుంటే గాలి ఎక్కువ దొరుకుతుందని అప్పటివాళ్ళ నమ్మకం. సారు పెద్ద గొట్టంలో గాలి వదిలి, చిన్న చిన్న నమూనాలు పెట్టి కొలిచారు. కరెంటు కోసమైతే తక్కువ రెక్కలు వేగంగా తిరగడమే మేలని తేలింది. రెక్కలు దగ్గరదగ్గరగా ఉంటే ముందు రెక్క చెదరగొట్టిన గాలి వెనక రెక్కకు సరిగా అందదు.

కానీ మాకు ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది గాలిమర కాదనిపిస్తుంది. 1903లో గాలి కరెంటు కోసం ఒక సంఘం పెట్టి, ఆ మరుసటి ఏడాది నుంచి ఊరి కుర్రాళ్ళకు ఎలక్ట్రీషియన్ పని నేర్పించారు. యంత్రం చెడిపోతే పట్నం నుంచి ఎవరో రావాలని ఎదురుచూడకుండా ఊళ్ళోనే మనిషి ఉన్నాడు. 1908 ఏప్రిల్ 24న సారు చనిపోయారు. పదేళ్ళకు, 1918 నాటికి, డెన్మార్క్‌లో గాలిమరలున్న ఊరి విద్యుత్ కేంద్రాలు సుమారు 120. ఇప్పుడు ఆ దేశపు కరెంటులో సగానికి పైగా గాలిదే.

ఆ మొదటి శిష్యుల్లో యొహానెస్ యూల్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు ఉన్నాడు. అతను యాభై ఏళ్ళ తర్వాత, 1957లో, గెడ్సర్ అనే చోట 200 కిలోవాట్ల మూడు రెక్కల గాలిమర నిలబెట్టాడు. అది పదేళ్ళు నడిచింది. గుట్టల మీద తమ్ముడు చూసిన మూడు రెక్కల ఫ్యాన్లకు అది పూర్వీకురాలు.

ఇదంతా చెప్పాక తమ్ముళ్ళు ఊరుకోలేదు. బొమ్మ కారు మోటారు, అట్టముక్కలు, చిన్న ఎల్‌ఈడీ బల్బు తెచ్చి డాబా మీద ఒక గాలిమర కట్టారు. రెక్కలు ఎనిమిది. మేము వద్దన్నా వినలేదు. తిరుగుతోంది గానీ బల్బు ఇంకా వెలగలేదు. వచ్చే ఆదివారం ఐదు రెక్కలు పీకేసి చూస్తామంటున్నారు.