మంచుదేశములో మొదటి చలికాలము
(హాన్సు ఎగెదె దొరగారి జీవితము)



పుష్యమాసములో మన మంగినపూడి తీరమున తెల్లవారుజామున వల లాగువారు చలికి వణకుదురు. ప్రొద్దు పొడిచి కొంచెము పైకి రాగానే ఆ చలి పోవును. అయితే డిసెంబరు నెలలో పగలు సుమారు నాలుగు గంటలు మాత్రమే యుండి, సముద్రతీరమంతయు మంచుతో నిండు దేశమొకటి కలదు. అది గ్రీన్లాండు. 300 ఏండ్లకు పూర్వము భార్యాబిడ్డలతో అక్కడ కాలు మోపిన ఒక గ్రామ బోధకుని గూర్చి, ముఖ్యముగా ఆయన గడపిన మొదటి చలికాలమును గూర్చి, ఈ మాసము ధ్యానించుదము.

హాన్సు ఎగెదె 1686 జనవరి 31న నార్వే దేశపు ఉత్తర భాగమున హార్‌స్టాడ్ అను చోట జన్మించెను. ఆ కాలమున నార్వే డెన్మార్కు రాజు ఏలుబడిలో ఉండెను. ఆయన కోపెన్‌హేగన్ నగరములో వేదశాస్త్రము చదివి, 1707లో లోఫోటెన్ దీవులలో చేపలవేటపై బ్రతుకు ప్రజల మధ్య బోధకుడాయెను. గెర్‌ట్రూడ్ అను ఆమెను వివాహమాడెను. ఆమె ఆయనకంటె 13 ఏండ్లు పెద్దది. దేవుడు వారికి నలుగురు బిడ్డలను అనుగ్రహించెను.

పూర్వకాలమున నార్వేవారు కొందరు గ్రీన్లాండునకు వెళ్లి కాపురముండిరని, తరువాత శతాబ్దముల తరబడి వారి జాడయే తెలియలేదని ఎగెదె దొరగారు విని యుండిరి. వారు బ్రతికి యున్నారా? వారికి వాక్యము చెప్పువారు కలరా? ఈ తలంపు ఆయనను విడువలేదు. గెర్‌ట్రూడమ్మ మొదట ఒప్పుకొనలేదు. పసిబిడ్డలను తీసికొని మంచులోనికి పోవుటకు ఏ తల్లి ఒప్పుకొనును? అయితే ఆమె ఆ సంగతిని ప్రార్థనలో పెట్టెను. మనస్సు కుదిరిన పిమ్మట ఆమె భర్తకంటెను స్థిరురాలాయెను.

1718లో ఆయన తన సంఘపు పని విడిచి బెర్గెన్ రేవునకు వచ్చి, వర్తకులను, రాజును బతిమాలుచు మూడేండ్లు గడపెను. ఆ రాజు నాలుగవ ఫ్రెడరిక్. ఈ పేరు మనకును సంబంధించినదే. 1706లో తరంగంబాడి చేరిన జీగెన్‌బల్గు దొరగారిని పంపినది ఈ రాజే. 1714లో ఈయన స్థాపించిన మిషను సభయే దక్షిణమున మన దేశపు పనిని, ఉత్తరమున గ్రీన్లాండు పనిని నడిపించెను. 1719లో తరంగంబాడి చేరిన షుల్జు దొరగారు తరువాత మద్రాసులో ఉండి పరిశుద్ధ గ్రంథమును తెలుగులోనికి త్రిప్పెను. ఆ తర్జుమా అచ్చుపడలేదు గాని, మన భాషలో ఆ పనికి అది తొలి ప్రయత్నములలో ఒకటి. ఒకే చేయి ఎండదేశమునకును మంచుదేశమునకును విత్తనము చల్లినది.

1721 మే నెల మొదట వారు ఓడ ఎక్కిరి. ఆ ఓడ పేరునకు నిరీక్షణ అని అర్థము. అందులో 40 మందికి పైగా ఉండిరి. దారిలో మంచుగడ్డలు ఓడను చుట్టుకొనగా అందరు ప్రాణములపై ఆశ వదలుకొనిరి. దేవుడు దారి తెరచెను. జూలై 3న వారు గ్రీన్లాండు పడమటి తీరమున ఒక దీవి చేరి, దానికిని నిరీక్షణ దీవి అనియే పేరు పెట్టిరి.

వెదకుచు వచ్చిన నార్వేవారు అక్కడ ఒక్కరును లేరు. తోలుపడవలలో తిరుగుచు సీలు అను సముద్రజంతువును వేటాడు ఇన్యూయిట్ ప్రజలు మాత్రమే ఉండిరి. వారి భాష దొరగారికి ఒక్క ముక్కయు రాదు. వచ్చిన పని కనబడలేదు, కనబడిన పనికి నోరు లేదు. తిరిగి పోవుటకు అదియే మంచి సాకు. ఆయన పోలేదు.

చలికి ముందే ఇల్లు కట్టవలెను. చెట్లు లేని ఆ చోట రాళ్లు మోసి, గడ్డితో కూడిన మట్టిపెళ్లలు కోసి గోడలు పెట్టి, తెచ్చుకొనిన పలకలు లోపల కొట్టిరి. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత దివిసీమలో గుడిసెలు తిరిగి నిలబెట్టుకొనిన మన పెద్దలకు ఆ పనియొక్క బరువు తెలియును. తల దాచుకొను చోటు, త్రాగు నీరు, పొయ్యిలోనికి నిప్పు, ఈ మూడింటికే దినమంతయు సరిపోవును. బోధకుడును కూలివలెనే రాళ్లు మోసెను.

దొరలు ఇల్లు కట్టుట చూచి ఇన్యూయిట్లు ఆశ్చర్యపడిరి. వీరు నిలుచుటకే వచ్చిరని తెలిసినప్పుడు వారికి భయము కలిగి, దూరముగా మసలిరి. వారి మాంత్రికులు వీరిమీద మంత్రములు చేసిరి. అయినను ఎగెదె దొరగారు ఆ చలికాలములోనే వారి యిండ్లకు వెళ్లెను. ఆ యిండ్లును రాతితోను మట్టిపెళ్లలతోను కట్టినవే. ఒక్కొక్క యింటిలో అనేక కుటుంబములు కలిసి యుండును. రాతిప్రమిదలో సీలు క్రొవ్వు మండుచుండును. ఆ పొగ, ఆ వాసన క్రొత్తవారికి ఓర్వరానివి. ఆయన ఓర్చుకొని వారి మధ్య పండుకొనెను. ఇది ఏమి అని అడుగు మాటను ముందు పట్టుకొని, ఒక్కొక్క వస్తువును చూపి పేరు అడిగి వ్రాసికొనెను. ఆయన కుమారులైన పౌలు, నీల్సు ఇన్యూయిట్ పిల్లలతో ఆడుకొనుచు తండ్రికంటె త్వరగా మాటలు నేర్చిరి. తండ్రికి వారే గురువులైరి.

ఆకలి మాత్రము ఆగలేదు. నార్వేలో చేపలు పట్టిన చేతులే అయినను అక్కడి వేట వారికి రాలేదు. అదే సముద్రముపై ఇన్యూయిట్లు కడుపునిండ తినుచుండగా, క్రొత్తవారు పీపాలలోని ఉప్పు మాంసమును లెక్కపెట్టుకొనుచుండిరి. మన బందరులో వర్తకము చేసిన వలందావారి ఓడలు ఆ తీరమునకు మునుపే వచ్చుచున్నందున వర్తకమును సాగలేదు. పచ్చికూర లేక కొందరికి చిగుళ్లు వాచి, కాళ్లు నీరసించు వ్యాధి పట్టెను. వసంతకాలము వచ్చెను గాని రావలసిన ఓడ రాలేదు. జనులు బోధకునిపై సణుగుచు, ఇంటికి పోవుదమని పట్టుబట్టిరి. చివరకు ఎగెదె దొరగారి మనస్సును మెత్తబడెను. ఓడ రానియెడల తానును వారితో పోవుదునని ఒప్పుకొనెను.

అప్పుడు గెర్‌ట్రూడమ్మ నిలిచెను. అందరు మూటలు కట్టుచుండగా ఆమె ఒక్క వస్తువును కట్టలేదు. ఓడ వచ్చునని ఆమె నమ్మి, తన యింటి పని తాను చేసికొనుచుండెను. 1722 జూన్ నెల చివర ఓడ వచ్చెను. ఆహారము వచ్చెను. పనిని విడువవద్దను వర్తమానమును వచ్చెను.

ఆ మొదటి చలికాలములో ఎందరు రక్షింపబడిరని అడిగినయెడల, లెక్కకు వచ్చినవారు ఒక్కరును లేరు. ఒక ఇల్లు నిలిచెను, కొన్ని మాటలు పుస్తకములో చేరెను, ఒక స్త్రీ మూట కట్టలేదు. అంతే. కాని తరువాత జరిగినదంతయు దానిమీదనే కట్టబడెను. 1728లో వారు ప్రధాన భూమికి మారి స్థాపించిన ఊరే నేటి రాజధానియైన నూక్. 1731లో క్రొత్త రాజు అందరిని తిరిగి రమ్మన్నను ఆయన కొద్దిమందితో ఆగిపోయెను. 1733లో మశూచి వచ్చి అనేకులు చనిపోవుచుండగా ఆ దంపతులు తమ యింటినే ఆసుపత్రి చేసిరి. ఆ సేవలో నలిగిన గెర్‌ట్రూడమ్మ 1735లో ప్రభువునందు నిద్రించెను. మరుసటి యేట ఆయన ఆమె దేహముతో డెన్మార్కు చేరి, అక్కడనుండియే మిషను పని చూచుచు 1758 నవంబరు 5న కన్నుమూసెను. ఆడుకొనుచు భాష నేర్చిన ఆ పౌలే పెద్దవాడై, 1766లో ఇన్యూయిట్ల భాషలో క్రొత్త నిబంధనను వెలువరించెను.

ఆయనయందు లోపములు లేకపోలేదు. మాంత్రికులయెడల చేయి చేసికొనునంత కఠినముగా ఉండెను. ఆయన వెంట పరాయి ఏలుబడియు వచ్చినది గనుక, 2020లో నూక్‌లోని ఆయన విగ్రహము ఉండవలెనా అని ప్రజలు ఓట్లు వేసిరి. ఉండవలెనని ఎక్కువమంది చెప్పిరి. దేవుడు వాడుకొనినవారు మట్టి పాత్రలే. పాత్రను పూజింపము, అందులోని నిధిని కాదనము.

ప్రియులారా, 1 రాజులు 17వ అధ్యాయము చదువుడి. సారెపతు విధవరాలికి దేవుడు పిండి బస్తా పంపలేదు. ప్రతి ఉదయమును తొట్టిలో ఆ పూటకు పిడికెడు ఉండెను. గ్రీన్లాండులో రొట్టె ఎరుగనివారికి ప్రభువు ప్రార్థన నేర్పునప్పుడు, రొట్టెకు బదులు సీలు మాంసము అని చెప్పిరని చెప్పుకొందురు. మన తెలుగు ప్రార్థనలోను రొట్టె లేదు, ఆహారము అని ఉన్నది. ఏ దేశమైనను అడుగవలసినది ఆ దినమునకే.

మన పాలెములలో క్రొత్తగా పని మొదలుపెట్టిన సువార్తికులు ఏడాది తిరుగకమునుపే ఫలము లేదని క్రుంగుచున్నారు. సంఘములును ఎందరిని చేర్చితివని వారిని అడుగుచున్నవి. ఎన్ని గడపలు ఎక్కితివి, ఎవరి యింట కూర్చుంటివి, వారి కష్టము వారి మాటలో నేర్చుకొంటివా అని ముందు అడుగుదము. వారి యింటిలో బియ్యము ఉన్నదో లేదో చూతము. పేరు ఎక్కడను వ్రాయబడకుండ ఆ యింటిని నిలబెట్టు బోధకుల భార్యలను మన ప్రార్థనలలో తలంచుదము.

రావలసిన ఓడ ఆలస్యమైనను మూట కట్టని విశ్వాసమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.